హెసెద్ అంటే కృపేనా? ‘ఆయన కృప నిరంతరముండును’ వెనకున్న హెబ్రీ మాట

వందనాలండీ. మీ ప్రశ్న మిగతావాళ్లకు కూడా తెలియాలని ముందు క్లుప్తంగా చెబుతాను. మీ సంఘంలో వాక్యం చెప్పిన ఒక సహోదరుడు “పాత నిబంధనలో కృప అంటే హెసెద్, అంటే అర్హత లేనివాడికి దొరికే దయ” అన్నారు. తర్వాత మీరు ఒక వీడియోలో ఆ పదంలోని మూడు అక్షరాలు కంచె, ఆసరా, తలుపు బొమ్మలని, వాటిలో దేవుడి రహస్యం దాగి ఉందని విన్నారు. ఈ పదాన్ని రోజూ పలుకుతూ ప్రార్థిస్తే ఆశీర్వాదం వస్తుందని కూడా ఎవరో చెప్పారు. ఇందులో ఏది నిజం, ఆ మాటకు అసలు అర్థం ఏమిటి అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై రెండేళ్లు బైబిల్ కాలేజీలో హెబ్రీ చెప్పాను. ఆ ఇరవై రెండేళ్లలో నన్ను వదలకుండా పట్టుకున్న పదం ఏదైనా ఉందంటే అది ఇదే. అందుకే సమాధానం కాస్త పొడవైంది, ఓపికగా చదవండి.

ముందు ఉచ్చారణ. హెబ్రీలో దీనికి మూడు హల్లులు: ఖేత్, సమెఖ్, దాలెత్. మొదటి శబ్దం మన ‘హ’ కాదు, ‘ఖ’ కూడా కాదు. గొంతు వెనక నుంచి గరగరమంటూ వచ్చే శబ్దం. తెలుగులో దానికి అక్షరం లేదు కాబట్టి ‘హెసెద్’ అని రాసుకుంటున్నాం. ఒత్తు మొదటి అక్షరం మీద పడాలి. ‘ఆయన హెసెద్’ అనాలంటే అది ‘హస్దో’ అవుతుంది. మనం 136వ కీర్తనలో ప్రతి వచనం చివరా చదివే “ఆయన కృప నిరంతరముండును” హెబ్రీలో మూడే మాటలు: కీ లెఓలాం హస్దో. 26 వచనాలు, 26 సార్లు. చిన్నప్పుడు ఉత్తర ప్రత్యుత్తరంగా ఈ కీర్తన చదివేటప్పుడు ఇదెందుకు ఇన్నిసార్లు అనుకునేవాణ్ణి. దానికి జవాబు తర్వాత చెబుతాను.

ఇప్పుడు అసలు చిక్కు. మన తెలుగు బైబిల్లో ‘కృప’ అనే ఒక్క మాట కనీసం మూడు వేర్వేరు మాటల బరువు మోస్తోంది. “నోవహు యెహోవా దృష్టియందు కృప పొందినవాడాయెను” అన్నచోట హెబ్రీలో ఉన్నది ‘హెన్’. ఒకరి కంటికి మనం నచ్చడం, వాళ్ల దయాదృష్టి మనమీద పడడం అన్నమాట. “కృపచేతనే రక్షింపబడియున్నారు” అని పౌలు ఎఫెసీ పత్రికలో రాసినచోట గ్రీకులో ‘ఖారిస్’. ఉచితంగా వచ్చిన వరం. 136వ కీర్తనలో ఉన్నదేమో ‘హెసెద్’. మూడూ మనకు కృపే. కాబట్టి మీ సంఘంలో మాట్లాడిన సహోదరుడు ఎఫెసీ పత్రికలోని అర్థాన్ని తీసుకెళ్లి కీర్తనలో పెట్టారు. ఆయన తప్పేమీ లేదు, తెలుగు మాత్రమే చదివేవాళ్లకు ఆ గోడలు కనబడవు.

దీనికి తిరగేసిన ఇబ్బంది ఇంకొకటి ఉంది. హెసెద్ అనే ఒకే మాట తెలుగులో రకరకాల వేషాలతో వస్తుంది. నయోమి కోడళ్లను దీవించేటప్పుడు అది ‘దయ’. రాహాబు వేగులవాళ్లతో మాట్లాడేటప్పుడు ‘ఉపకారము’. హోషేయ ఆరో అధ్యాయం ఆరో వచనంలో ‘కనికరము’. అదే అధ్యాయంలో రెండు వచనాల ముందు, మీ ఫలానాది పొద్దున్నే ఆరిపోయే మంచులాంటిది అని దేవుడు బాధపడే చోట ‘భక్తి’. బోయజు రూతును మెచ్చుకునే చోట ‘సత్‌ప్రవర్తన’. అనువదించినవాళ్లకు ఆ భాష తెలియక ఇలా జరగలేదు. ఏ ఒక్క తెలుగు మాటా ఆ మాట మొత్తాన్ని పట్టుకోలేదు, అంతే. ఇంగ్లీషువాళ్లకూ ఇదే కష్టం. 1535లో మైల్స్ కవర్‌డేల్ దీనికోసం ‘లవింగ్ కైండ్‌నెస్’ అని రెండు మాటలు కలిపి కొత్త మాట తయారుచేసుకోవాల్సి వచ్చింది. పాత గ్రీకు అనువాదం ఎక్కువచోట్ల ‘ఎలెయోస్’ అంది, లాటిన్ ‘మిసెరికోర్దియా’ అంది. రెండూ జాలి, కనికరం వైపు ఒరిగినవే. ఆ ఒరుగుడే మనదాకా వచ్చింది.

హెబ్రీ బైబిల్లో ఈ మాట దాదాపు 250 సార్లు వస్తుంది, అందులో సగం కీర్తనల్లోనే. నిఘంటువు అర్థం కంటే కథలో చూస్తేనే ఇది బాగా తెలుస్తుంది. నేను తరగతిలో ఎప్పుడూ 2 సమూయేలు తొమ్మిదో అధ్యాయంతో మొదలుపెట్టేవాణ్ణి.

దావీదు రాజయ్యాడు. పాత రాజు సౌలు చనిపోయాడు, కొడుకు యోనాతాను గిల్బోవ కొండమీద కూలిపోయాడు. ఆ కాలంలో రాజవంశం మారితే పాత వంశంలో మగపిల్లవాడు మిగలకూడదు, మిగిలితే ఏదో ఒక రోజు సింహాసనం అడుగుతాడు. అలాంటి సమయంలో దావీదు “సౌలు కుటుంబములో ఎవడైన కలడా” అని అడిగాడు. ఆ ప్రశ్న విన్నవాళ్ల గుండె ఝల్లుమనే ఉంటుంది. కానీ ఆయన అడిగింది హెసెద్ చేయడానికి, అదీ యోనాతాను కోసం. అప్పుడు యోనాతాను కొడుకు మెఫీబోషెతు దొరికాడు. ఐదేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు, యుద్ధంలో తండ్రి పోయాడన్న వార్త విని దాది ఎత్తుకుని పరిగెత్తుతుంటే కిందపడి రెండు కాళ్లూ కుంటివైపోయాయి. లోదెబారులో ఎవరింట్లోనో తలదాచుకుంటున్నాడు. దావీదు అతనికి తాతగారి పొలమంతా తిరిగి ఇచ్చి, జీవితాంతం తన బల్ల దగ్గరే భోజనం పెట్టాడు.

ఇది జాలేనా? జాలి ఉంది, కానీ జాలి దగ్గర మొదలవలేదు. అంతకు చాలా ఏళ్ల ముందు, ప్రాణం అరచేతిలో పెట్టుకుని దావీదు పారిపోతున్న రోజుల్లో, పొలంలో నిలబడి యోనాతాను ఒక మాట అడిగాడు. నేను బతికుంటే నాకు యెహోవా హెసెద్ చూపించు, నేను చచ్చిపోయినా నా ఇంటివాళ్లకు దాన్ని తెగనివ్వకు అని. అడిగినవాడు ఇప్పుడు లేడు. ఆ మాట గుర్తుచేయడానికి సాక్షులు లేరు. మర్చిపోతే అడిగేవాళ్లు లేరు. పైగా మర్చిపోతేనే లాభం. అయినా దావీదు వెతికి మరీ వెళ్లి ఇచ్చాడు. హెసెద్ అంటే అది. ముందే ఒక బంధం ఉంది. ఒకరు అవసరంలో ఉన్నారు. రెండోవాళ్లు చేతులు దులిపేసుకోగలరు, ఎవరూ ఏమీ అనరు. అయినా దులిపేసుకోరు, పైగా ఆ బంధం అడిగినదానికంటే ఎక్కువే చేస్తారు.

ఒకసారి పల్లెటూరి స్త్రీల కూడికలో రూతు గ్రంథం చెబుతున్నాను. ఈ మాటకు తెలుగు దొరక్క తంటాలు పడుతుంటే వెనక వరసలో ఒక పెద్దావిడ లేచి “చెయ్యి పట్టుకున్నాక విడవకపోవడం గదా అయ్యగారూ” అంది. నేను చదివిన నిఘంటువులు ఏవీ దాన్ని అంత దగ్గరగా పట్టుకోలేదు. ఆ రోజు నుంచి ఎక్కడ ఈ పదం చెప్పినా ఆవిడ మాటే చెబుతున్నాను.

పండితుల మధ్య దీనిమీద గట్టి వాదమే జరిగింది. తెలుసుకోదగ్గది కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. 1927లో నెల్సన్ గ్లూక్ అనే యూదు పండితుడు జర్మన్ భాషలో ఒక పరిశోధన వెలువరించాడు. హెసెద్ అంటే దయ కాదు, నిబంధనలో ఉన్న ఇద్దరూ ఒకరికొకరు బాకీపడ్డ బాధ్యత అని ఆయన వాదం. చాలాకాలం అందరూ దాన్ని పట్టుకున్నారు. 1978లో క్యాథరిన్ డూబ్ సాకెన్‌ఫెల్డ్ ఆ కథలన్నీ మళ్లీ తిరగేసి ఇంకో సంగతి చూపించారు. హెసెద్ చేసేవాడు ఎప్పుడూ ఆ క్షణంలో చేతిలో బలం ఉన్నవాడు, దాన్ని అందుకునేవాడు తన పని తాను చేసుకోలేని స్థితిలో ఉన్నవాడు. చేయకపోతే శిక్షించే చట్టం ఏదీ లేదు. బాధ్యత నిజమే, బలవంతం లేదు. నా మట్టుకు నాకు సాకెన్‌ఫెల్డ్ చెప్పిందే మూలానికి దగ్గరగా అనిపిస్తుంది. బాకీ తీర్చినందుకు ఎవరూ కీర్తనలు రాయరు కదా.

దీనికి వ్యతిరేకం ఏమిటో చూస్తే అర్థం ఇంకా తేటపడుతుంది. మన భాషలో ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ అంటాం చూడండి, అదే హెసెద్‌కు సరైన వ్యతిరేకం. దినవృత్తాంతాల రెండో గ్రంథం 24వ అధ్యాయంలో యోవాషు రాజు కథ ఉంది. పసివాడిగా ఉన్నప్పుడు అతణ్ణి దేవాలయంలో దాచి, కాపాడి, రాజును చేసింది యాజకుడైన యెహోయాదా. ఆ యెహోయాదా చనిపోయాక, తనను గద్దించాడన్న కోపంతో ఆయన కొడుకు జెకర్యాను రాజు ఆలయ ఆవరణంలోనే రాళ్లతో కొట్టించాడు. యెహోయాదా తనకు చేసిన హెసెద్‌ను రాజు జ్ఞాపకం చేసుకోలేదు అని రాసింది గ్రంథం. కోపిష్టి అనలేదు, క్రూరుడు అనలేదు. జ్ఞాపకం చేసుకోలేదు అంది.

ఇంకొక్క వ్యాకరణ విషయం చెప్పాలి, ఆధ్యాత్మిక అర్థమంతా దాంట్లోనే ఉంది. హెబ్రీలో హెసెద్‌ను ‘చేస్తారు’. ‘ఆసా హెసెద్ ఇమ్’ అన్నది అలవాటైన వాడుక: ఫలానావాళ్లతో హెసెద్ చేయడం. జాలి పడతాం, ప్రేమ కలుగుతుంది, కనికరం పుడుతుంది. హెసెద్ అలా పుట్టి ఊరుకునేది కాదు, చేతుల్లోకి రావాలి. దానికి బహువచనం కూడా ఉంది, ‘హసాదీమ్’, అంటే చేసిన పనులు. విలాపవాక్యాల్లో “ఆయన వాత్సల్యత యెడతెగక నిలుచునది గనుక మనము నిర్మూలము కాకున్నవారము” అనే ప్రసిద్ధ వచనం మొదట్లో ఉన్నది ఈ బహువచనమే. యెరూషలేము కాలిపోయాక, ఆ బూడిదలో కూర్చుని ఆ కవి దేవుడి గుణాన్ని తలచుకోలేదు. ఆయన చేసిన పనులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకున్నాడు.

ఇక దేవుడి విషయానికి వద్దాం. దేవుడు తన గురించి తానే ఈ మాట చెప్పుకున్న చోటు నిర్గమకాండం 34వ అధ్యాయం. అది ఎప్పుడు చెప్పాడో గమనించండి. ఎర్ర సముద్రం దాటిన ఉత్సాహంలో కాదు. నిబంధన పలకలు చేతికి వచ్చీ రాకముందే కొండ కింద జనం బంగారు దూడను చేసుకున్నారు. మోషే ఆ పలకలను నేలకేసి కొట్టాడు. పెళ్లి పందిట్లోనే తాళి తెగినట్టయింది. అవతలివైపు నుంచి ఒప్పందం పూర్తిగా పోయింది. చట్టం ప్రకారం దేవుడికి ఇక ఏ బాకీ లేదు. అప్పుడు మళ్లీ రెండు పలకలు చెక్కమని, మేఘంలో దిగివచ్చి, నేను విస్తారమైన కృపాసత్యములు గలవాడిని అని ప్రకటించాడు. హెబ్రీలో ‘రవ్ హెసెద్ వెఎమెత్’. ‘ఎమెత్’ అంటే కదలని నమ్మకం. మనం ప్రార్థన చివర చెప్పే ఆమేన్ ఆ కుదురులోదే. దాని తర్వాత, వేలమందికి హెసెద్‌ను కాపాడుతూ ఉంటాను అన్నాడు. అక్కడున్న క్రియ ‘నాత్సర్’. కావలివాడు తోటను కాచినట్టు కాయడం.

మీ సహోదరుడు ‘అర్హత లేనివాడికి’ అన్నది ఇక్కడ నిజమే. కానీ ఆ నిజం సగమే. పరిచయం లేనివాడికి దారిన పోయే ధనవంతుడు వేసిన దానం కాదు ఇది. పెళ్లాడినవాడు, మోసపోయినవాడు, అయినా ఆ బంధం తెంచనన్నవాడు చేసిన పని. ‘అర్హత లేనివాడికి దొరికిన దయ’ అంటే మనకు మన అనర్హతే కనబడుతుంది. హెసెద్ అంటే ఆయన పట్టుదల కనబడుతుంది. నాకు ఈ తేడా ప్రాణమంత ముఖ్యం.

మన తెలుగు అనువాదకులకు ఇక్కడ ఒక నమస్కారం పెట్టాలి. నిర్గమకాండంలో ‘కృపాసత్యములు’ అన్నారు. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో వాక్యం శరీరధారిగా మన మధ్య నివసించిన చోట “కృపాసత్యసంపూర్ణుడుగా” అన్నారు. యోహాను రాసిన గ్రీకు మాటల వెనక సీనాయి కొండమీద వినబడిన ఆ జంట పదం ఉందని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. ఇంగ్లీషు చదివేవాడికి ఈ రెండూ కలిసి వినబడడం కష్టం. మన సమాసంలో మాత్రం ఆ గంట రెండుచోట్లా ఒకేలా మోగుతుంది.

ఇప్పుడు 136వ కీర్తన 26 సార్ల సంగతి. ‘కీ లెఓలాం హస్దో’ ఒక్క కీర్తనలో పల్లవి మాత్రమే కాదు, ఇశ్రాయేలీయుల చరిత్ర పొడవునా వినిపించే పాట. సొలొమోను దేవాలయం పూర్తయి మేఘం దాన్ని నింపిన రోజు గాయకులు పాడింది ఇదే. యెహోషాపాతు యుద్ధానికి సైన్యం ముందు పాడేవాళ్లను నడిపిస్తే వాళ్లు పాడింది ఇదే. తర్వాత బబులోనువాళ్లు యెరూషలేమును ముట్టడించారు. యిర్మీయా చెరసాల ఆవరణంలో ఉన్నాడు. ఊరు పడిపోవడం ఖాయమని అందరికంటే ముందే తెలిసినవాడు ఆయన. అలాంటివాడు ఆ 33వ అధ్యాయంలో ఏమన్నాడంటే, పాడైపోయిన ఈ వీధుల్లోనే పెళ్లికొడుకు గొంతూ పెళ్లికూతురి గొంతూ మళ్లీ వినబడతాయి, యెహోవా హెసెద్ నిరంతరం అనేవాళ్ల గొంతూ వినబడుతుంది అని. క్రీస్తుపూర్వం 586లో పట్టణం కూలింది, ఆలయం కాలిపోయింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత చెరనుంచి తిరిగివచ్చినవాళ్లు కొత్త ఆలయానికి పునాది వేశారు. ఎజ్రా మూడో అధ్యాయం చదవండి. ఆ పునాది దగ్గర వంతుల చొప్పున పాడిన పాట మళ్లీ అదే. మొదటి ఆలయాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు బిగ్గరగా ఏడ్చారు, మిగతా చాలామంది సంతోషంతో కేకలు వేశారు, ఏది ఏడుపో ఏది కేకో తెలియలేదట.

అందుకే అది 26 సార్లు. చెప్పిందే చెప్పడం అనిపిస్తుంది గానీ, ఆ పాట పాడినవాళ్లకు మధ్యలో యాభై ఏళ్ల మౌనం ఉంది. ఆ మౌనం తర్వాత కూడా ఆ మాట అబద్ధం కాలేదని తెలిసినవాళ్లు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

అలాగని అన్నీ తేలికగా తేలిపోతాయని బైబిల్ అనదు. 89వ కీర్తన కృపాతిశయాన్ని కీర్తిస్తానని మొదలై, చివరికి వచ్చేసరికి “తొల్లిటి నీ కృపాతిశయములెక్కడ?” అని నిలదీస్తుంది. ఆ కృపాతిశయాలు హసాదీమే. దేవుణ్ణి అలా అడగడం అవిశ్వాసం కాదు. మాట ఇచ్చినవాడినే కదా మాట గురించి నిలదీస్తాం. నా దగ్గరకు వచ్చే చాలామంది విశ్వాసులు కష్టంలో దేవుణ్ణి ప్రశ్నించామని గిల్టీగా బాధపడతారు. వాళ్లకు నేను ఈ కీర్తనే చదివి వినిపిస్తాను.

23వ కీర్తన ఆఖరి వచనం గురించి కూడా చెప్పకుండా ఉండలేను. “కృపాక్షేమములే నా వెంట వచ్చును” అని చదువుతుంటే పెంపుడు గొర్రెపిల్లలు మెల్లగా వెనక నడిచివస్తున్నట్టు ఉంటుంది. హెబ్రీలో అక్కడున్న క్రియ ‘రాదఫ్’. తరమడం. ఫరో రథాలు ఇశ్రాయేలీయులను తరిమినచోట వాడిన క్రియ. శత్రువులు నన్ను తరుముతున్నారని దావీదు మొరపెట్టే కీర్తనల్లో ఉన్న క్రియ. జీవితమంతా తరమబడినవాడు అంటున్నాడు: నిజంగా నన్ను తరుముకుంటూ వస్తున్నది హెసెదే అని.

ఇక మీ రెండో సందేహం, అక్షరాల బొమ్మలు. హెబ్రీ లాంటి సెమిటిక్ భాషల అక్షరాలు మొదట్లో బొమ్మల నుంచి వచ్చిన మాట వాస్తవమే. ‘దాలెత్’ అనే పేరు తలుపు అనే మాటకు దగ్గర. కానీ అవి అక్షరాలైన రోజునుంచి శబ్దాన్ని సూచించడానికే వాడారు. చిన్నప్పుడు మనం పలకమీద అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని నేర్చుకున్నాం. అంతమాత్రాన ‘ఆకలి’ అనే మాటలో ఆవు దాగుందని ఎవరూ అనరు కదా. ఇదీ అంతే. మూడు బొమ్మలు కలిపితే ఎవరికి కావలసిన అర్థం వాళ్లకు వస్తుంది, అందుకే ఒక వీడియోకీ ఇంకో వీడియోకీ పొంతన ఉండదు. అంతెందుకు, సరిగ్గా ఇవే మూడు అక్షరాలతో సామెతలు 14:34లో ఉన్న మాటకు అర్థం ‘అవమానం’. “పాపము ప్రజలకు అవమానము తెచ్చును” అన్నచోట హెబ్రీలో ఉన్నది కూడా ‘హెసెద్’ అనే. పలుకుబడి ఒకటే, మాటలు రెండు. బొమ్మల లెక్క నిజమైతే ఈ రెండూ ఒకటే కావాలి.

అక్షరాల విలువలు కూడితే 72 వస్తుందన్నది కూడా వినే ఉంటారు. ఖేత్ 8, సమెఖ్ 60, దాలెత్ 4, కూడిక సరైనదే. యూదుల కబ్బాలా సంప్రదాయంలో పది దైవిక గుణాల వరుసలో హెసెద్ నాలుగోది, దాన్ని అబ్రాహాముతో ముడిపెడతారు. అది వాళ్ల ధ్యాన సంప్రదాయం, దాని గౌరవం దానికుంది. కానీ దాన్ని తెచ్చి, 72 సార్లు పలికితే అప్పులు తీరతాయని చెప్పడం ఆ సంప్రదాయానికీ న్యాయం కాదు, బైబిలుకూ న్యాయం కాదు. ఇందాక చెప్పినట్టు ఇది చేసే మాట. పలికి ఊరుకునే మాట కాదు.

దాన్ని నిజంగా బతికించుకున్నది ఎలాగో యూదుల జీవితంలో చూడొచ్చు. లోకం మూడింటి మీద నిలబడి ఉంది: ధర్మశాస్త్రం, ఆరాధన, హెసెద్ చేయడం అని, యూదు రబ్బీల పాత బోధల సంకలనమైన మిష్నాలో నీతిమంతుడైన సీమోను పేరున ఒక మాట ఉంది. క్రీస్తుశకం 70లో రోమావాళ్లు ఆలయాన్ని కూల్చాక, మన పాపాలకు ప్రాయశ్చిత్తం జరిగే చోటు పోయిందే అని ఒక రబ్బీ ఏడుస్తుంటే, ఆయన గురువు యోహనాన్ బెన్ జక్కాయి “దానితో సమానమైన ప్రాయశ్చిత్తం ఇంకొకటి మనకుంది, అది హెసెద్” అని హోషేయ 6:6ను చదివి ఓదార్చాడని వాళ్ల గ్రంథాలు చెబుతాయి. యేసుప్రభువు కూడా మత్తయి సువార్తలో అదే వచనాన్ని రెండుసార్లు ఎత్తి చూపించాడు. ఒకసారి సుంకరులతో భోజనానికి కూర్చున్నందుకు తప్పుపట్టినప్పుడు. ఒక్క వచనం ఇద్దరి నోటా వచ్చిందంటే ఆ కాలంలో అది ఎంత లోతుగా దిగి ఉందో చూడండి.

ఆ మిష్నామీద రబ్బీల చర్చలన్నీ చేర్చిన తల్మూదులో దానానికీ హెసెద్‌కూ తేడా చెబుతూ, దానం డబ్బుతోనే చేస్తారు, హెసెద్ డబ్బుతోనూ ఒంటితోనూ చేస్తారు. దానం పేదలకే, హెసెద్ పేదలకూ ధనికులకూ. దానం బతికున్నవాళ్లకే, హెసెద్ బతికున్నవాళ్లకూ చనిపోయినవాళ్లకూ అన్నారు. శవానికి స్నానం చేయించి, బట్ట చుట్టి, మట్టిచేయడాన్ని వాళ్లు ‘హెసెద్ షెల్ ఎమెత్’, నిజమైన హెసెద్ అంటారు. చనిపోయినవాడు తిరిగి ఏమీ ఇవ్వలేడు కాబట్టి. ఆ పేరు యాకోబు నుంచి వచ్చింది. చావుకు ముందు యోసేపును పిలిచి, నాకు హెసెద్, ఎమెత్ చేయి, నన్ను ఐగుప్తులో పాతిపెట్టకు అన్నాడు.

మా నాన్నగారు పోయిన రాత్రి వాన. తెల్లవారితే సమాధి తవ్వేవాళ్లు దొరుకుతారో లేదో అని నాకు టెన్షన్. నాన్నగారితో ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట కలిసి పనిచేసిన ఒకాయన, ఆయన మన సంఘంవారు కూడా కాదు, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని పలుగూ పారా తీసుకుని వచ్చారు. “మీ నాయన మా ఇంట్లో జ్వరమొచ్చినప్పుడు రెండు రాత్రులు కూర్చున్నాడు బాబూ” అన్నారు. అంతకుమించి ఏమీ మాట్లాడలేదు. తవ్వారు, పూడ్చారు, కాళ్లు కడుక్కుని వెళ్లిపోయారు. యాకోబు అడిగిన ఆ మాటను నేను తరగతిలో ఎన్నిసార్లు వివరించానో. అర్థమైంది మాత్రం ఆ తెల్లవారుజామునే.

కొత్త నిబంధనలో ఇది ఎక్కడికి వెళ్లిందని మీరు అడగలేదు గానీ ఒక్క చోటు చూపిస్తాను. మంచి సమరయుడి కథ చివర ఎవడు పొరుగువాడు అని యేసు అడిగితే ధర్మశాస్త్రోపదేశకుడు “అతనిమీద జాలి పడినవాడే” అన్నాడని మన తెలుగులో ఉంది. గ్రీకులో ఉన్న మాటల వరుస అచ్చంగా ‘అతనితో ఎలెయోస్ చేసినవాడు’. అది హెబ్రీ వాడుకే, ఆసా హెసెద్ ఇమ్, గ్రీకు బట్టలు కట్టుకుని. కాకపోతే పాత కథల్లో బంధం ముందు ఉండేది, హెసెద్ తర్వాత వచ్చేది. ఇక్కడ సమరయుడికీ ఆ గాయపడినవాడికీ ఏ బంధమూ లేదు, ఉన్నదల్లా పాత పగే. హెసెద్ చేశాక బంధం పుట్టింది.

మీకు ఒక చిన్న పని చెబుతాను. రూతు గ్రంథం నాలుగు అధ్యాయాలే. తెలుగు బైబిలు, పెన్సిలు పట్టుకుని కూర్చోండి. 1:8లో ‘దయ’, 2:20లో ‘ఉపకారము’, 3:10లో ‘సత్‌ప్రవర్తన’, ఈ మూడింటి కింద గీత గీసి పక్కన హెసెద్ అని రాసుకోండి. ఆ తర్వాత గ్రంథమంతా ఒక్క విడతలో చదవండి. మొదటి దానిలో నయోమి ఏమంటోందో చూడండి. మీరు నాకు చేసినట్టే యెహోవా మీకు చేయాలి అంటోంది. మోయాబు దేశపు విధవరాళ్లు చేసిన పనిని కొలతగా పెట్టి దేవుణ్ణి అడుగుతోంది!

రెండోచోట ఇంకా వింత ఉంది. బోయజు పొలంనుంచి రూతు యవలు మోసుకొచ్చింది. అది చూసి, బతికున్నవాళ్లకూ చనిపోయినవాళ్లకూ హెసెద్ చేయడం మానని... అని నయోమి దీవించింది. మానని ‘ఆయన’ ఎవరు? బోయజా, యెహోవాయా? మన తెలుగు అనువాదం బోయజు అని తేల్చింది. హెబ్రీ వాక్యం మాత్రం తేల్చదు. వ్యాకరణం రెండింటికీ సమానంగా ఒప్పుకుంటుంది, పండితులు ఇప్పటికీ అటూ ఇటూ వాదించుకుంటున్నారు. ఈ వాక్యం చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒక విద్యార్థి లేచి, ఇంతకీ ఎవరండీ అని అడిగేవాడు. ఆ రోజు నయోమి ముందున్నది బోయజు పొలంలో రూతు ఏరుకొచ్చిన ఒక మూట యవలు. అందులో దేవుడి చెయ్యి ఎంత, బోయజు చెయ్యి ఎంత అని ఆమె విడదీయలేదు. నేనూ విడదీసి చెప్పేవాణ్ణి కాదు.